గోరంత గుర్తు

పెన్‌పహాడ్‌లో ఆ ఇంటి బర్రెకు మొన్నామధ్య చెవికి పసుపు బిళ్ల వేశారు. గాలికుంటు టీకా వేయడానికి వచ్చిన గోపాలమిత్ర ఓ చేత్తో చెవి పట్టుకుని, రెండో చేతిలోని పటకారు లాంటి దాన్ని 'టక్'మని నొక్కాడు. బర్రె తల విదిలించింది. అంతే, పనైపోయింది. బిళ్ల మీద పన్నెండు అంకెలు, వాటితోపాటు సన్నటి నల్ల గీతలు.

ఇంటాయన లోపలికెళ్లి కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. బర్రె పక్కన వంగి ఒక్కో అంకె పైకి చదివాడు. గోపాలమిత్ర తన ఫోనులోకి ఎక్కించిన నంబరును కూడా మళ్లీ చదివించుకుని సరిచూశాడు. తర్వాత పాత డైరీ తెరిచి, తేదీ వేసి, నంబరు రాసి, కింద సంతకం పెట్టాడు.

"బర్రెకు గూడ సంతకం పెడ్తున్నవా?" పాలచెంబు పట్టుకుని నిలబడ్డ భార్య నవ్వింది.

"తీసుకున్నోడు సంతకం పెట్టకపోతే ఇచ్చినోడు ఇరుక్కుంటడు" అన్నాడాయన, నవ్వకుండా.

ఊరంతా ఆయన్ని 'మిలట్రాయన' అంటుంది. యుద్ధం కథలు చెప్పమని పిల్లలు చుట్టూ చేరితే మాత్రం ఆయన దగ్గర పెద్దగా ఉండవు. ఎందుకంటే ఆయన సర్వీసు గడిచింది తుపాకులతో కాదు, అరలతో! 1984లో చేరాడు. సికింద్రాబాద్‌లోని ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ సెంటర్‌లో శిక్షణ. ఆ తర్వాత ఉత్తరాదిలో ఒక డిపో నుంచి ఇంకో డిపోకి బదిలీలు. 2008లో హవల్దారుగా పెన్షన్ తీసుకుని ఊరికొచ్చేశాడు. సైన్యం అనగానే మనకు సరిహద్దులో కాపలా కాసే జవానే గుర్తొస్తాడు. ఆ జవాను తొడుక్కునే బూటు దగ్గర్నుంచి అతడెక్కే బండి గేరుబాక్సు దాకా అన్నీ ఎక్కడో ఓ అరలోంచి రావాల్సిందే. ఆ అర ముందు నిలబడి, అడిగిన వస్తువు అడిగినట్టు తీసిచ్చే మనిషి ఆయన.

ప్రతి అరకూ ఒక అట్టముక్క వేలాడేది. బిన్‌కార్డు అనేవారు. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి... ఏ రోజుది ఆ రోజే రాయాలి. పార్టులేమో గ్రీజు పూసి, మైనపు కాగితంలో చుట్టి, చెక్కపెట్టెల్లో సర్ది ఉంటాయి. అస్తమానం విప్పి చూడ్డానికి ఉండదు. గాలీ తేమా తగిలితే తుప్పు పడతాయి. కాబట్టి పైన కట్టిన చీటీనే నమ్మాలి. "స్టోరు మొత్తం చీటీ మీద నడుస్తది. చీటీ అబద్ధమాడితే స్టోరంత అబద్ధమే" అంటాడాయన.

ఆ అలవాటు ఊరికొచ్చినా పోలేదు. వడ్లు ఐకేపీ సెంటరుకు తోలేటప్పుడు బస్తాలకు వరసగా నంబర్లు వేస్తాడు. కల్లం మీద కప్పే టార్పాలిన్ పట్టాల మూలన ఇంటిపేరులో మొదటి అక్షరం, పక్కన అంకె. వాన వస్తోందని అడిగి తీసుకెళ్లినవాళ్లు పొరపాటున వేరేవాళ్ల పట్టా తెచ్చిచ్చే మాటే లేదు.

ఆ ఇంటి చిన్నమ్మాయికి ఈ చాదస్తం అస్సలు నచ్చేది కాదు. టిఫిన్ డబ్బా మూత మీద మేకుతో గీసిన నంబరు ఉంటే బళ్లో పిల్లలు నవ్వరూ మరి! పదో తరగతి అయ్యాక ఆమెకు హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో డిప్లొమా సీటొచ్చింది. అచ్చులు, పనిముట్లు తయారుచేసే చదువు. అది పూర్తిచేసి నగర శివార్లలో ఓ వర్క్‌షాప్‌లో చేరింది. ముప్పై మంది పనిచేసే చిన్న కంపెనీ. అల్యూమినియం, స్టీలు, టైటానియం దిమ్మల్ని యంత్రాల మీద చెక్కి, విమానాల్లో వాడే ముక్కలు చేసి పెద్ద కంపెనీలకు ఇస్తారు. అక్కడ ఆమెకు అప్పగించిన పనేమిటో తెలుసా? తయారైన ప్రతి ముక్క మీదా నంబరు వేయడం!

"టిఫిన్ డబ్బా ఉసురు తగిలింది" అని వాళ్లమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఆమె వేసే నంబరు చూడ్డానికి నంబరులా ఉండదు. చిటికెన వేలి గోరంత చదరం. అందులో చుక్కలు, ఖాళీలు. దాని పేరు డేటా మ్యాట్రిక్స్. కిరాణా కొట్లో డబ్బులు కట్టడానికి ఫోనుతో చూపించే క్యూఆర్ కోడ్‌కి ఇది దగ్గరి చుట్టం. క్యూఆర్ కోడ్‌కి మూడు మూలల్లో మూడు కళ్లుంటాయి. దీనికి కళ్లుండవు. ఎడమ అంచూ కింది అంచూ నిండుగా ఉంటాయి, మేస్త్రీ చేతిలోని మూలమట్టంలా. మిగతా రెండు అంచుల్లో ఒక చుక్క, ఒక ఖాళీ, మళ్లీ చుక్క. ఆ మూలమట్టాన్ని బట్టే కెమెరా ఏది పైనో ఏది కిందో పోల్చుకుంటుంది. కొంత భాగం గీసుకుపోయినా మిగిలిన చుక్కల్ని బట్టి లెక్కగట్టి మొత్తం చదివేస్తుంది. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు కనిపెట్టిన లెక్క అది. గీతలు పడ్డ సీడీలు కూడా ఒకప్పుడు మనింట్లో పాటలు పాడాయంటే అదే లెక్క చలవ.

కాగితం ముక్క అంటిస్తే సరిపోదా అనిపిస్తుంది. సబ్బు పెట్టెకైతే సరిపోతుంది. విమానంలో ముక్కకు నూనె, వేడి, చలి, ఇసుక, ఏళ్ల తరబడి వాడకం. అందుకే చాలావాటికి లోహం మీదే గుర్తు వేస్తారు. లేజర్‌తో కాల్చడం ఒక పద్ధతి. గట్టి సూదితో చుక్కచుక్కగా పొడవడం ఇంకోటి, మన అమ్మమ్మలు పొడిపించుకున్న పచ్చబొట్టులాగే. అయితే ఎక్కడ పడితే అక్కడ పొడవడానికి వీల్లేదు. భారమంతా మోసే సన్నటి చోట పొడిస్తే ఆ గుంట దగ్గరే పగులు మొదలుకావచ్చు. అందుకని గుర్తు ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి అన్నది డ్రాయింగులోనే రాసి ఉంటుంది. వేశాక ఇంకో కెమెరా కింద పెట్టి చదివించాలి. గుర్తు ఎంత బాగా పడిందో ఆ యంత్రం పరీక్ష పేపరుకిచ్చినట్టు గ్రేడు ఇస్తుంది. తప్పితే ఆ ముక్క పక్కకే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆమె ఇదంతా చెబుతుంటే మిలట్రాయన పెదవి విరిచాడు. "మేం గూడ నంబర్లు రాసినోళ్లమే గద. ఇండ్ల కొత్తేముంది?"

"మీరు రాసింది వేరే నాన్నా. సూర్యాపేట నుంచి మనూరికొచ్చే బస్సులన్నిటికీ ముందర బోర్డు మీద పెన్‌పహాడ్ అనే ఉంటది. నంబరు ప్లేటు మాత్రం దేనిది దానికే. మీరు రాసింది బోర్డు. మేం వేసేది నంబరు ప్లేటు."

ఆయన ఆ సాయంత్రం మళ్లీ మాట్లాడలేదు. తన మాటకు చిన్నబుచ్చుకున్నాడేమో అనుకుందామె. అసలు సంగతి చాలాకాలం తర్వాతగానీ తెలియలేదు.

ఇంతకీ పార్టులకు ఈ నంబరు ప్లేట్ల గొడవ ఎక్కడ మొదలైంది?

బార్‌కోడ్ పుట్టింది సైన్యం కోసం కాదు, కొట్లో బిల్లు తొందరగా వేయడం కోసం. అమెరికాలో నార్మన్ వుడ్‌ల్యాండ్ అనే కుర్రాడు మయామీ సముద్రపు ఒడ్డున కూర్చుని ఇసుకలో వేళ్లతో గీతలు లాగుతుంటే ఆ ఆలోచన తట్టిందట. 1952లో అతడికీ, స్నేహితుడు బెర్నార్డ్ సిల్వర్‌కీ పేటెంటు వచ్చింది. దుకాణంలో బార్‌కోడ్‌తో మొదటి వస్తువు అమ్ముడుపోవడానికి ఇంకో ఇరవైరెండేళ్లు పట్టింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలో అమ్మిన ఆ వస్తువు... చూయింగ్‌గమ్ ప్యాకెట్!

ఆ గీతలు చూయింగ్‌గమ్‌కి సరిపోయాయి. ఎందుకంటే ఒక ప్యాకెట్‌కీ పక్క ప్యాకెట్‌కీ తేడా ఎవరిక్కావాలి? అన్నిటికీ ఒకటే గుర్తు. సైన్యానికి అలా కుదరదని తెలిసొచ్చింది మాత్రం ఎడారిలో. 1991 గల్ఫ్ యుద్ధానికి అమెరికా సుమారు 40 వేల కంటెయినర్ల సామాను పంపింది. తీరా ఓడలు దిగాక ఏ పెట్టెలో ఏముందో తెలియదు. సగానికి పైగా పెట్టెల్ని అక్కడే తెరిచి చూడాల్సి వచ్చింది. పంపింది ఎక్కడుందో తెలియక అడిగిందే మళ్లీ అడిగేవారు. గుట్టలుగా పేరుకుపోయిన ఆ సామానుకు 'ఇనుప కొండలు' అని పేరు పడింది. మన పెళ్లిళ్లలో సామాన్ల గది తాళం ఒకరి దగ్గర, లిస్టు ఇంకొకరి దగ్గర ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, దాన్ని వేల రెట్లు చేస్తే అది!

2003 జులై 29న అమెరికా రక్షణ శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. 2004 జనవరి నుంచి చేసుకునే కాంట్రాక్టుల్లో 5,000 డాలర్లు, ఆపైన ఖరీదు చేసే ప్రతి వస్తువు మీదా యంత్రం చదవగలిగే ప్రత్యేక గుర్తు ఉండాలి. ఖరీదు తక్కువైనా కీలకమైనవైతే వాటికీ ఉండాలి. ఆ చుక్కల చదరంలో దాగేది తయారుచేసిన కంపెనీ కోడ్, ఆ ముక్క సొంత వరస సంఖ్య. కొన్నిటికి పార్టు నంబరు కూడా. ప్రపంచంలో ఇంకే వస్తువుకూ అదే గుర్తు ఉండకూడదు. ఆ వస్తువు పాడై తుక్కులోకి పోయినా సరే, ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వరు. 2010 నుంచి ఆధార్ చూస్తున్నవాళ్లం కాబట్టి మనకిది వెంటనే అర్థమవుతుంది.

రూలు వచ్చినంత మాత్రాన అంతా సర్దుకుందా అంటే లేదు. 2006లో తైవాన్ తన హెలికాప్టర్ల కోసం బ్యాటరీలు అడిగితే అమెరికా గోదాముల నుంచి వెళ్లినవేమిటో తెలుసా? అణు క్షిపణి ముక్కు భాగంలో వాడే ఫ్యూజుల అమరికలు, ఏకంగా నాలుగు! 2008 మార్చి దాకా సంగతి బయటపడలేదు. ఆ ఏడాది జూన్‌లో అక్కడి వైమానిక దళ మంత్రి, దళాధిపతి ఇద్దరూ పదవులు వదులుకోవాల్సి వచ్చింది. పాత సామానుకు గుర్తులు వేసే పని బాగా వెనకబడి ఉందని 2012లో కూడా ఆ దేశపు ఆడిట్ సంస్థ చెప్పింది. కోట్ల వస్తువులు మరి, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఎవరు పొడుస్తారు?

నకిలీల బెడద ఇంకోవైపు. 2012లోనే అమెరికా సెనేట్ కమిటీ ఒకటి మిలటరీ సరఫరాల్లో నకిలీవని అనుమానించిన ఎలక్ట్రానిక్ భాగాలు పది లక్షలకు పైనే ఉన్నాయని తేల్చింది. మన దగ్గరా ధనుష్ ఫిరంగుల బేరింగుల విషయంలో చైనా సరుకును జర్మనీ సరుకుగా చూపారన్న ఆరోపణ మీద 2017లో సీబీఐ కేసు పెట్టింది. పెట్టె మీద దేశం పేరు ఎవరైనా అచ్చు వేయొచ్చు. ముక్క ఎవరి యంత్రం మీద, ఎప్పుడు పుట్టిందో వెనక్కి వెళ్లి చూడగలిగితేనే అసలో నకిలీయో తేలేది.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి కదా అనుకోవడానికి లేదు. విజయవాడ హైవే మీద నగరానికి వెళ్తే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు వస్తుంది. అక్కణ్నుంచి ఎడమకు తిరిగితే కాసేపట్లో ఆదిభట్ల. అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు 2018 నుంచి అక్కడి టాటా బోయింగ్ కర్మాగారంలో తయారై అమెరికా వెళ్తున్నాయి. సీ-130జే రవాణా విమానాల తోక భాగాలూ ఆ ఊళ్లోనే తయారవుతాయి. ఇంకోవైపు కంచన్‌బాగ్‌లో 1970లో మొదలైన భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో సైన్యం బండ్లు చేసే ఫ్యాక్టరీ. ఇలాంటి పెద్ద కర్మాగారాల వెనక చిన్నచిన్న వర్క్‌షాపులు బోలెడు. వాటిలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలూ ఉన్నారు. సర్వర్ల ముందు కూర్చునేవాళ్ల గురించి పేపర్లలో రోజూ వస్తుంది. గ్రీజు చేతులవాళ్ల గురించి ఎవరు రాస్తారు?

2023 జులై. ముసురు పట్టిన శనివారం. ఆమె ముందు నలభై బ్రాకెట్లు. గోడకు చెక్క అర బిగించడానికి కింద పెట్టే ఇనుప ముక్క ఉంటుందే, అలాంటివే. కాకపోతే ఇవి విమానంలో బిగించేవి. ఆరున్నరకు బయటపడితే సూర్యాపేట బస్సు దొరుకుతుంది, ఆదివారం ఇంట్లో గడపొచ్చు. ఇరవై మూడో ముక్క అయ్యాక కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. మార్కింగ్ యంత్రం కంప్యూటరు ఆగి మళ్లీ మొదలైంది. అలా జరిగినప్పుడు ఆఖరి ముక్క నంబరు చూసి, తర్వాతి నంబరు చేత్తో కొట్టి, రెండుసార్లు సరిచూసుకోవాలి. గోడ మీద ఆ సంగతి రాసి కూడా ఉంది. ఆమె గడియారం చూసింది. బటన్ నొక్కేసింది.

నలభై ముక్కలూ కెమెరా కింద పాసయ్యాయి. గుర్తు బాగా పడిందా లేదా అనేదే ఆ కెమెరా చూసేది. అదే నంబరు ఇంకోదానికి ఉందా అని అది అడగదు. పెట్టెలు మూసేశారు. బ్యాగు సర్దుకుంటూ ఆమె తన నోటుపుస్తకం తీసింది. కంప్యూటరులో అన్నీ ఉన్నా, ముక్క ముక్కకూ చివరి నాలుగంకెలు చేత్తో రాసుకునే అలవాటు ఆమెది. ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు కదా! ముక్కలు నలభై. నంబర్లు ముప్పై తొమ్మిది. ఇరవై మూడు, ఇరవై నాలుగు... రెండూ ఒకటే.

సూపర్‌వైజర్ వెళ్లిపోయాడు. యజమానికి ఫోన్ చేయొచ్చు. ఆయన చెడ్డ మనిషి కాదు. కానీ ఈ సరుకు సోమవారం పొద్దున్నే పోతేనే బిల్లు వస్తుందనీ, బిల్లు వస్తేనే యంత్రాల లోను కిస్తీ కట్టేదనీ అందరికీ తెలుసు. ఫోను చేతిలోకి తీసుకుంది. మళ్లీ బ్యాగులో పెట్టింది. బస్సెక్కేసింది.

దాదాపు నూటముప్పై అయిదు కిలోమీటర్లు. దారంతా లెక్కలే. రెండు ముక్కలూ కొలతల్లో మంచివే. డ్రాయింగుకు వెంట్రుకవాసి తేడా లేదు. ఎప్పటికీ ఏమీ కాకపోవచ్చు. కానీ రేపెప్పుడో ఒకదాంట్లో పగులు కనబడితే? రికార్డు తీస్తారు. ఆ నంబరు ముక్కను తీసేసి కొత్తది వేశామని అందులో ఉంటుంది. వాళ్లు తీసేసింది రెండోదైతే? పగులున్న ముక్క ఇంకో విమానంలో నిశ్చింతగా ఎగురుతూ ఉంటుంది. కాగితాల ప్రకారం అది లేనే లేదు.

సూర్యాపేటలో దిగేసరికి రాత్రయింది. అక్కడ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహం ఉంది. ఆ ఊరి బిడ్డ. 16 బిహార్ రెజిమెంటుకు కమాండింగ్ ఆఫీసరుగా ఉండి 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో అమరుడయ్యాడు. మహావీర చక్ర ఇచ్చారు. విగ్రహం 2021లో పెట్టారు. మిలట్రాయన ఆ దారిలో ఎప్పుడెళ్లినా బండి ఆపి సెల్యూట్ కొట్టిగానీ కదలడు. ఆ రాత్రి కూతుర్ని తీసుకెళ్లడానికి టీవీఎస్ ఎక్సెల్ వేసుకొచ్చి, అక్కడ ఆగి అదే పని చేశాడు. వెనక కూర్చున్న ఆమె మాత్రం అటు చూడలేదు.

ఆదివారం నాటుకోడి కూర. ఆమె కంచంలో చెయ్యి పెట్టి కూర్చుంది.

"ఏంది బిడ్డా, ముద్ద దిగుతలేదు?" సాయంత్రం గడ్డి వేస్తూ అడిగాడాయన. మొదట ఏం లేదంది. తర్వాత మొత్తం చెప్పేసింది. గోడ మీది కాగితం, గడియారం, బటన్... ఏదీ దాచలేదు. ఆయన తిట్టలేదు. గడ్డి మోపు మీద కూర్చున్నాడు.

"మీ మేనత్త పెండ్లి యాదికుందా? నువ్వప్పటికి పుట్టలేదులే. తొంబై రెండుల. ఆ పెండ్లికి లీవు మంజూరైంది నాకు. లీవుకు నాలుగు దినాల ముందు స్టాక్ చెకింగు. డీజిలు పంపులు పన్నెండు ఉండాలె. పన్నెండున్నయి. ఒకదాని కాగితం మూలకు చినిగింది. లోపల చూస్తే అది ఆ బండి పంపే కాదు, వేరే బండిది. చీటీ మాత్రం సరిగ్గనే ఉంది. నాకంటె ముందు ఎవడో ఒకటి బదులు ఇంకోటి ఇచ్చి చీటీ మార్చిండు. చెప్పిన్ననుకో, ఎంక్వయిరీ. లీవు గోవిందా. కార్డు కలిసింది గద అనుకున్న. చినిగిన కాగితం మంచిగ చుట్టి, దారం కట్టి, అర్ల పెట్టిన."

బర్రె నెమరు వేస్తోంది. ఆయన కాసేపు ఆగాడు.

"ఆ చలికాలమే అది పైకి పోయింది. కొండల మీదికి. తర్వాత వాపసొచ్చింది, కాగితం తోటి. తప్పు సామాను వచ్చింది, బండి నాలుగు దినాలు ఆగిపోయింది అని రాసిండ్రు. ఏ కనుమ కాడ ఆగిందో గూడ రాసిండ్రు. ఆ నాలుగు రాత్రులు బండిల ఎవరు పండుకున్నరో రాయలె."

"ఎవరూ నిన్నడగలేదా?"

"ఏమని అడుగుతరు? నువ్వన్నట్టు పంపులన్నిటికీ ఒకటే బోర్డాయె. ఏది ఏ చేతుల నుంచి పోయిందో తీసేటందుకు లేదు. నా పేరు ఎక్కడా రాలె" అన్నాడాయన. లేచి చేతులు దులుపుకున్నాడు. నీళ్ల తొట్టి వైపు వెళ్లిపోయాడు.

ఆమె వాకిట్లోకి వచ్చి, సిగ్నల్ అందే వేపచెట్టు కిందికెళ్లి యజమానికి ఫోన్ చేసింది. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "పొద్దున్నే రామ్మా, పెట్టెలు విప్పుదాం" అన్నాడు.

విప్పారు. రెండూ దొరికాయి. జరిగిన తప్పంతా రాసి, కింద ఆమె పేరు పెట్టి, సరుకు కొనే కంపెనీకి పంపారు. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా నలభై ముక్కలూ తాళం వేసిన అరలోనే. బిల్లు రాలేదు. ఆ నెల ముప్పై మందికీ జీతాలు ఆలస్యమయ్యాయి. ఇద్దరు ముగ్గురు ఆమెతో మాట్లాడటం మానేశారు. భోజనాల దగ్గర ఆమె బల్ల మీద చోటు ఖాళీగా ఉండేది. నెల రోజులు ఆమెను మార్కింగ్ నుంచి తప్పించి ముక్కలు తుడిచే పనిలో పెట్టారు. అది శిక్షో, ఊరికే సర్దుబాటో ఎవరూ చెప్పలేదు. తర్వాత మళ్లీ పాత చోటికే పంపారు. ఒక నంబరును రెండోసారి కొట్టబోతే యంత్రం ఆగిపోయేలా కంప్యూటరులో మార్పు చేయించారు. గోడ మీది కాగితం అలాగే ఉంది.

కంపెనీ ఒక ముక్కను ఒప్పుకుంది. రెండోదాన్ని వాడొద్దంది. అలాంటివాటిని తుక్కులో ఊరికే పారేయరు. ఎవరైనా ఏరుకుని మళ్లీ అమ్మకుండా పనికిరాకుండా చేసేస్తారు. ఎర్రరంగు పూసి రంపం కింద పెట్టారు. కోసింది ఆమే.

ఆ తర్వాత ఇంటికొచ్చినప్పుడు మిలట్రాయన అన్నం తింటూ అడిగాడు.

"ముక్కలెన్నయినయి?"

"రెండు."

"రాసిండ్రా?"

"రాసిన."

ఆయన తలూపి పెరుగు వేసుకున్నాడు.

బర్రెకు పసుపు బిళ్ల వేశాక వచ్చిన ఆదివారం ఆమె పెన్‌పహాడ్‌లోనే ఉంది. ఫోను కెమెరా బిళ్ల ముందు పెట్టింది. బర్రె చెవి ఆడిస్తూనే ఉంది, గీతలు ఓ పట్టాన దొరకలేదు. నాలుగోసారికి 'టింగ్'మంది. తెర మీద పన్నెండు అంకెలు.

"చదువు" అన్నాడాయన, డైరీ తెరిచి.

ఆమె చదివింది. ఒక్కో అంకె కింద ఆయన పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ పోయాడు.